తెరుచుకోని ఫొటోను జేపీజీగా మార్చుకోవడం

మీరు ఆన్‌లైన్‌లో ఒక దరఖాస్తు నింపుతున్నారనుకోండి. పేరు, చిరునామా అన్నీ రాశారు. ఫొటో జతచేయగానే ‘ఈ ఫైలు చెల్లదు, జేపీజీ మాత్రమే పెట్టండి’ అని తెరమీద వచ్చింది. మీ ఫోనులో ఆ ఫొటో చక్కగా కనిపిస్తూనే ఉంది. మరి లోపం ఎక్కడుంది? ఆ ఫొటోను ఫైలులో రాసి ఉంచిన పద్ధతిలో ఉంది. ఆ పద్ధతినే ఫార్మాట్ అంటారు.

ఒకే పాటను తెలుగు లిపిలో రాయవచ్చు, కన్నడ లిపిలోనూ రాయవచ్చు. పాట మారదు. కాని తెలుగు లిపి ఒక్కటే వచ్చినవారు రెండో కాగితాన్ని చదవలేరు. ఫొటో ఫైళ్ల సంగతీ ఇంతే. 1992లో ప్రమాణంగా స్థిరపడిన జేపీజీని దాదాపు ప్రతి ఫోనూ, కంప్యూటరూ చదువుతుంది. జేపీఈజీ అన్నా ఇదే. గూగుల్ సంస్థ 2010లో వెబ్‌పీని తెచ్చింది. ఆపిల్ సంస్థ 2017 నుండి తన ఐఫోన్లలో హెచ్‌ఈఐసీ వాడుతోంది. ఇవి తక్కువ చోటు తీసుకుంటాయి. హెచ్‌ఈఐసీ ఫొటోకు జేపీజీలో సుమారు సగం చోటు చాలు. అయితే వీటిని చదవలేని దరఖాస్తులు ఇంకా చాలా ఉన్నాయి.

దీనివల్ల ఎంత నష్టం జరగవచ్చో ఒక సంఘటన చూడండి. 2020 మే నెలలో కరోనా కారణంగా అమెరికాలో అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలు ఆన్‌లైన్‌లో జరిగాయి. జవాబులు చేతితో రాసి, ఫొటో తీసి పంపవచ్చు. ఐఫోనుతో తీసిన కొందరి ఫొటోలు హెచ్‌ఈఐసీలో ఉన్నందున పరీక్ష వెబ్‌సైటు తీసుకోలేదు. ఈలోగా సమయం అయిపోయింది. అన్ని జవాబులూ రాసినా, వారు జూన్‌లో మళ్లీ పరీక్ష రాయవలసి వచ్చింది.

చాలామంది ఫైలు పేరు చివర ఉన్న అక్షరాలను చెరిపి ‘జేపీజీ’ అని రాస్తారు. దీనివల్ల ఫార్మాట్ మారదు. కన్నడ పుస్తకానికి తెలుగు అట్ట వేసినంత మాత్రాన లోపలి లిపి మారుతుందా? ఫైలు లోపలి మొదటి గుర్తులను చూసి అది ఏ రకమో కంప్యూటరు తెలుసుకోగలదు. కాబట్టి ఫొటోను కొత్త పద్ధతిలో తిరిగి రాయించాలి.

ఈ పని చేసిపెట్టే వెబ్‌సైట్లు ఉన్నాయి. ఫైలును ఎంచుకుని, ఏ ఫార్మాట్ కావాలో చెప్పి, ‘కన్వర్ట్’ నొక్కి, వచ్చిన జేపీజీని దించుకోవడమే. అరనిమిషం పని. అయితే ఆ అరనిమిషంలో ఏం జరుగుతుందో గమనించండి. చాలా వెబ్‌సైట్లలో మీ ఫొటో మీకు తెలియని వారి కంప్యూటరుకు వెళుతుంది. అక్కడే కొత్త ఫైలు తయారవుతుంది. పాత ఫైలును గంటలో చెరిపేస్తామని వారు రాస్తారు. అది వారి మాట. మీరు చూసి నిర్ధారించుకోలేరు. చెట్టు ఫొటో, పండుగ ముగ్గు ఫొటో అయితే పరవాలేదు. ఆధార్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం, సంతకం మాత్రం ఇలా పంపకండి. ఇంకో ప్రమాదమూ ఉంది. ఉచిత ఫైలు మార్పిడి పేరుతో కొందరు హానికరమైన ప్రోగ్రాములను కంప్యూటర్లలోకి ఎక్కిస్తున్నారని అమెరికా ఎఫ్‌బీఐ సంస్థ డెన్వర్ కార్యాలయం 2025 మార్చిలో హెచ్చరించింది. ఫొటో అడిగితే ‘ముందు ఇది ఇన్‌స్టాల్ చేయండి’ అనే వెబ్‌సైటును వెంటనే మూసివేయండి.

కార్డులూ సంతకాలూ మార్చుకోవలసి వస్తే మీ చేతిలోని యంత్రంతోనే ప్రయత్నించండి. ఐఫోనులో సెట్టింగ్స్, తరువాత కెమెరా, అందులో ఫార్మాట్స్ తెరిచి ‘మోస్ట్ కంపాటిబుల్’ ఎంచుకుంటే ఆపై తీసే ఫొటోలు జేపీజీలో వస్తాయి. ముందు తీసినవి మారవు. విండోస్ కంప్యూటరులోని పెయింట్‌లో మీ ఫైలు తెరుచుకుంటే, ‘సేవ్ యాజ్’లో జేపీఈజీ ఎంచుకుంటే చాలు.

జేపీజీ కూడా అన్నిటికీ తగినది కాదు. చోటు తగ్గించడానికి అది కొన్ని సూక్ష్మ వివరాలను వదిలేస్తుంది. మళ్లీ మళ్లీ మార్చి దాచితే అక్షరాల అంచులు మసకబారతాయి. అందుకే అసలు ఫైలును చెరపకుండా ఉంచుకుని, ప్రతిసారీ దానినుండే మార్చుకోవాలి. వెనుకభాగం పారదర్శకంగా ఉన్న బొమ్మలను జేపీజీలోకి మారిస్తే, ఆ భాగం తెల్లగానో నల్లగానో నిండిపోతుంది. అటువంటివాటికి పీఎన్‌జీ మేలు.

చేసి చూడండి: అక్షరాలున్న ఒక గోడపత్రికను ఫొటో తీసి జేపీజీగా మార్చండి. ఆ జేపీజీని పెయింట్‌లో తెరిచి, చిత్రం కొలత తగ్గించి, వేరే పేరుతో దాచండి. రెండు ఫైళ్లూ ఎన్ని కేబీలు ఉన్నాయో రాసుకోండి. రెండింటినీ పెద్దవి చేసి చూసి, ఏ అక్షరాలు చదవడం కష్టమైందో గుర్తించండి.