హైబ్రిడ్ కారు బేరం: ధర ఎక్కడ సడలుతుంది?

విజయవాడ: మినుము బస్తా దగ్గర ఐదు రూపాయలకు అరగంట పట్టుబట్టే వర్తకుడు, ఇరవై లక్షల కారు దగ్గరకు వచ్చేసరికి షోరూమువారు అచ్చువేసి చేతికిచ్చిన కాగితానికి తలవూపి సంతకం చేసి వస్తున్నాడు. కారు ధర కంపెనీ నిర్ణయించేది, అందులో బేరానికి తావు లేదన్న అభిప్రాయం పాతకాలం నాటిది. అంబాసిడర్‌కు, ఫియట్‌కు ఏళ్ల తరబడి కాచుకొన్న రోజుల్లో, 1983 డిశంబరులో మారుతి 800 వచ్చిన కొత్తలో ఆ మాట నిజమే. అప్పట్లో తగ్గింపు మాట అటుంచి, పైన 'ఆన్' ఇచ్చి వంతు కొనుక్కొన్నవారు వున్నారు. ఇప్పుడు ఏలూరు రోడ్డులో ప్రసాదంపాడు, ఎనికేపాడు దాకా, అటు బందరు రోడ్డులోనూ షోరూములు వరుస కట్టాయి. సరుకు ఎక్కువై అంగళ్లు పెరిగినచోట ధర నిలబడదన్న సంగతి ఈ పేజీ పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు.

అయితే హైబ్రిడ్‌లలో అన్ని రకాలూ ఒకే తీరుగా సడలవు. ఇన్నోవా హైక్రాస్ వచ్చిన కొత్తలో గిరాకీకి సరుకు చాలక, 2023 ఏప్రిల్‌లో పై రకాలకు బుకింగులే నిలిపివేశారు. అలాంటి బండికి తగ్గింపు అడగడం, పంట రాని ఏడు మిర్చికి పాత ధర అడిగినట్లే. కనుక బేరానికి కూర్చునే ముందు తెలుసుకోవలసింది ధర కాదు, నిల్వ. కోరిన రకం, కోరిన రంగు యార్డులో వున్నదా, ఎన్నాళ్లుగా వున్నది, లేక రెండు నెలల తర్వాత వస్తుందా? యార్డులో నిలిచిన బండికి షోరూమువారు వడ్డీ కట్టుకొంటూ వుంటారు. ఆ వడ్డీయే కొనుగోలుదారుకు బలం.

హైబ్రిడ్ అన్న పేరు చూసి మోసపోరాదు. 2015లో సియాజ్‌తో వచ్చిన 'స్మార్ట్ హైబ్రిడ్' వంటివి మైల్డ్ రకం. వాటిలో మోటారు ఇంజనుకు సాయపడుతుందే తప్ప బండిని ఒంటరిగా నడపలేదు. 2022లో వచ్చిన గ్రాండ్ విటారా, హైరైడర్, హోండా సిటీలలోని స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో తక్కువ వేగాన మోటారు ఒక్కటే చక్రాలు తిప్పుతుంది. బ్రేకు వేసినప్పుడు వృథా పోయే శక్తి బ్యాటరీకి చేరుతుంది. తీగ తగిలించి చార్జి చేసే పని లేదు. కాళేశ్వరరావు మార్కెట్ ముందు, బెంజి సర్కిల్ దగ్గర ఆగుతూ సాగుతూ తిరిగేవారికి ఇందులో లాభం కనిపిస్తుంది. హైదరాబాదు రోడ్డు మీద ఒకే వేగాన పోయేవారికి ఆ లాభం బాగా తగ్గుతుంది.

ఇక లెక్క. అదే బండిలో మామూలు పెట్రోలు రకానికి, హైబ్రిడ్‌కు ధరలో తేడా రెండున్నర లక్షలనుకుందాం. కంపెనీలు లీటరుకు 27, 28 కిలోమీటర్లు అని ప్రకటించినా, రోడ్డు మీద జాగ్రత్తగా వేసుకొనే లెక్కకు హైబ్రిడ్‌కు 22, పెట్రోలు రకానికి 15 చాలు. లీటరు రు. 110 చొప్పున వెయ్యి కిలోమీటర్లకు మిగిలేది సుమారు రు. 2,330. అంటే ఆ తేడా రాబట్టుకోవడానికి లక్షా ఏడు వేల కిలోమీటర్లు తిరగాలి. గొల్లపూడి హోల్‌సేల్ కాంప్లెక్సుకు, గవర్నరుపేటకు మధ్య తిరిగి, వారానికొకసారి గుడివాడో తెనాలో వెళ్లివచ్చే వర్తకుడు ఏడాదికి పన్నెండు వేలు మించడు. అతనికి దాదాపు తొమ్మిదేళ్లు పడుతుంది. రోజూ బందరు, ఏలూరు, గుంటూరు తిరుగుతూ ఏడాదికి ముప్పయి వేలు నడిపే బ్రోకరుకు మూడున్నరేళ్లు చాలు. ఇదే లెక్కన బేరంలో తగ్గించుకొన్న ప్రతి పదివేలూ 4,300 కిలోమీటర్ల ప్రయాణంతో సమానం. యాభై వేలు తగ్గిస్తే మొదటి వర్తకుడికి దాదాపు రెండేళ్ల కాలం కలిసివచ్చినట్లు. బేరం వద్దనుకొనేవారు ఈ అంకె ఒకసారి చూసుకోవాలి.

పన్ను వైపు నుంచి కూడా కొనుగోలుదారుకు ఒక వాదన దొరికింది. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు నాలుగు మీటర్లు మించిన హైబ్రిడ్‌లపై సెస్సుతో కలిపి 43 శాతం పడింది. అదే పొడవులో 1500 సీసీ లోపు పెట్రోలు కారుకు కొంతకాలానికి 45 శాతం అయింది. 2025 సెప్టెంబరు 22 నుంచి సెస్సు పోయి రెండింటికీ 40 శాతమే. రెండింటి ధరా తగ్గింది. కాని పెట్రోలు రకం ఎక్కువ తగ్గింది. విద్యుత్ కార్లకు 5 శాతమే. అంటే హైబ్రిడ్‌కు వున్న కొద్దిపాటి పన్ను లాభం కాస్తా పోయింది. ఈ సంగతి షోరూములో ప్రస్తావిస్తే అమ్మకందారుకు జవాబు చెప్పడం కష్టం.

అసలు బేరం జరిగేది కొటేషన్ కాగితం మీద. యార్డులో రాసే పట్టీలో కమీషను, హమాలీ, తరుగు ఎలా వరుసగా దిగుతాయో ఇందులోనూ అలాగే పద్దులు దిగుతాయి. తేడా ఒక్కటే, ఇక్కడివి కూడికలు. జీవిత పన్ను ప్రభుత్వానిది, అందులో బేరం లేదు. పది లక్షలు దాటిన కారుపై ఒక శాతం టీసీఎస్ 2016 జూన్ నుంచి వసూలవుతున్నది. అది ఖర్చు కాదు, పాన్ ఖాతాకు జమపడి రిటర్నులో సర్దుబాటవుతుంది. ఇవి రెండూ పోగా మిగిలినవన్నీ సడలేవే. బీమా షోరూములోనే తీసుకోవాలన్న నిర్బంధం లేదు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. సొంత నష్టానికి ఏడాదిది చాలు. బయట నుంచి ఒక కొటేషన్ తెచ్చి, బండి విలువ రెండింటిలోనూ ఒకటే వేశారో లేదో చూసి ముందు పెడితే, షోరూము ప్రీమియం వెంటనే దిగివస్తుంది. ఎందుకు దిగుతుందంటే, కారు మీద డీలరుకు మిగిలే మార్జిను కొద్ది శాతాలే. అసలు రాబడి బీమా కమీషను, అప్పు ఇప్పించినందుకు బ్యాంకు ఇచ్చే సొమ్ము, సీటు కవర్లు, అదనపు వారంటీలలో వున్నది. హ్యాండ్లింగ్ చార్జీ, లాజిస్టిక్స్ అని రాసిన పద్దు ఏదైనా వుంటే అది ఏ సేవకో అడిగి కొట్టివేయించాలి.

అదనపు వారంటీ విషయంలో తొందర వద్దు. హైబ్రిడ్ బ్యాటరీకి టయోటా, మారుతి రెండూ 8 సంవత్సరాలు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నాయి. 'బ్యాటరీ పోతే లక్షలు సార్' అని భయపెట్టి అంటగట్టే వారంటీ ఆ బ్యాటరీకేనా, మిగతా భాగాలకా అన్నది చదువుకోవాలి.

కృష్ణా డెల్టా కొనుగోలుదారుకు మరో సదుపాయం వున్నది. 2022లో వచ్చిన గ్రాండ్ విటారా, హైరైడర్ రెండూ బిడదిలోని టయోటా కర్మాగారంలో తయారైన అక్కచెల్లెళ్లు. హైబ్రిడ్ ఇంజను, మోటారు ఒకటే, అంగళ్లు రెండు. ఒకచోట ఇచ్చిన చివరి మాట కాగితం మీద రాయించుకొని రెండవచోట చూపడం వ్యాపార ధర్మానికి విరుద్ధం కాదు. పశువుల సంతలో తుండుగుడ్డ కింద వేళ్లు పట్టుకొని ధర దాచేవారు. షోరూములో పని దానికి తలకిందులు, ఎంత బయటపెడితే అంత మంచిది. గుంటూరు, ఏలూరు డీలర్ల ధర కూడా ఫోనులో కనుక్కోవచ్చు.

బేరం ఎలా నడుస్తుందో మచ్చుకు చూద్దాం. 'ఏం బాబూ, అన్నీ కలిపి చేతికి ఎంతవుతుంది?' అని వర్తకుడు అడుగుతాడు. 'నెలకు కిస్తీ ఎంత అనుకుంటున్నారు సార్?' అని కుర్రవాడు ఎదురు ప్రశ్న వేస్తాడు. ఇక్కడే చాలామంది దారి తప్పుతున్నారు. కిస్తీ మాట వచ్చిందంటే ధర మాట వెనక్కిపోయినట్లే. గడువు ఏడాది పెంచి కిస్తీ తగ్గించడం తగ్గింపు కాదు. 'కిస్తీ సంగతి తర్వాత చూద్దాం బాబూ, మొత్తం చెప్పు' అని అక్కడే నిలబడాలి. మొత్తం ఖాయమయ్యాక, 'అప్పు మీ దగ్గరే తీసుకొంటే ఇంకేం తగ్గిస్తారు?' అని అడిగితే రెండో విడత సడలింపు వస్తుంది. మేనేజరుగారిని అడిగి వస్తానని కుర్రవాడు లోపలికి వెళితే కంగారు పడనక్కరలేదు. మన దళారులూ చేసే పనే అది.

కాలం విషయానికి వస్తే, శ్రావణం, దసరా, ధనత్రయోదశికి ముహూర్తం చూసుకొని వచ్చేవారికి తగ్గింపు తక్కువ. ఆషాఢంలో, మౌఢ్యాల్లో షోరూములు మందంగా వుంటాయి. బేరం అప్పుడు ముగించి, డెలివరీ మంచిరోజున తీసుకొంటే పంచాంగానికీ జేబుకూ తగవు లేదు. నెలాఖరు, మార్చి ఆఖరులలో అమ్మకం లక్ష్యాల ఒత్తిడి వుంటుంది. డిశంబరులో తగ్గింపు ఎక్కువే కాని, జనవరి వస్తే బండి ఏడాది పాతదవుతుంది. మళ్లీ అమ్మేటప్పుడు ఆ ఏడాది విలువ కోసుకుపోతుంది. తయారీ నెల, సంవత్సరం ఫారం 21లో వుంటాయి. ఏడెనిమిది నెలలు యార్డులో నిలిచిన బండి అయితే టైర్లు, 12 వోల్టుల చిన్న బ్యాటరీ పరీక్షించి, వాటి పేరు మీద కూడా తగ్గింపు అడగాలి.

ఫర్మ్ పేర కొంటే జీఎస్టీ వెనక్కి వస్తుందని కొందరు సేల్స్‌మన్లు చెప్పే మాట నమ్మరాదు. సొంత వాడకానికి కొన్న కారుపై ఇన్‌పుట్ క్రెడిట్ రాదు. తరుగుదల మాత్రం 15 శాతం వస్తుంది. అదీ ఆ ఆర్థిక సంవత్సరంలో 180 రోజులకు తక్కువ వాడితే సగమే. కనుక ఫర్మ్ పేర కొనేవారు దీపావళి కోసం ఆగకుండా సెప్టెంబరు లోపు బండి రోడ్డెక్కించుకోవడం నయం. రెండు లక్షలు, ఆపైన నగదు రూపంలో తీసుకోవడం 2017 ఏప్రిల్ నుంచి నిషిద్ధం. నగదుకు ప్రత్యేక ధర అన్న మాట ఇక్కడ చెల్లదు.

పాత కారు మార్పిడి వుంటే ఆ బేరం వేరుగా పెట్టాలి. ముందు ఆటోనగర్‌లో ఇద్దరు బ్రోకర్లచేత విలువ కట్టించుకొని, ఆ తర్వాత షోరూము ధర, దానిపై ఎక్స్ఛేంజ్ బోనసు విడివిడిగా రాయించుకోవాలి. లేకుంటే కొత్తదానిపై ఇచ్చిన ముప్పయి వేలు పాతదానిలో కోసేస్తారు. పాత బండి అప్పగించేటప్పుడు ఫారం 29, 30లపై సంతకాలతో పాటు డెలివరీ రసీదు తీసుకొని, పేరు మారేదాకా వెంటబడాలి. తగ్గింపు అంతా ఇన్‌వాయిస్‌లోనే కనిపించాలి, ఉచిత సామగ్రి రూపంలో ఒప్పుకోరాదు. బుకింగు రసీదుపై రద్దు షరతు రాయించుకోవాలి. మిగతా సొమ్ము ఛాసిస్ నంబరు వేసిన కాగితం చేతికి వచ్చి, యార్డుకు వెళ్లి ఆ నంబరు బండిని పగటి వెలుతురులో చూసిన తర్వాతే పంపాలి.