మామ్మా, పిల్లీ, ఎలుకా

మొన్న మా కాలేజీ స్టాఫ్ రూములో చిన్ననాటి టెలివిజను ముచ్చట్లు వచ్చాయి. ఒకరు దూరదర్శన్ రామాయణమన్నారు, మరొకరు శుక్రవారం చిత్రలహరి అన్నారు. నా వంతు వచ్చేసరికి నేను “కార్టూన్ నెట్‌వర్క్” అన్నాను. తెలుగు మేష్టారికి బొమ్మల పిచ్చేమిటని అందరూ నవ్వారు. నవ్వితే నవ్వారు గాని, ఆ ఛానెల్‌కి మా యిల్లు ఒక బాకీ పడివుంది. అది చెప్పుకోవాలి.

ఆ ఛానెల్ మన దేశానికి వచ్చింది 1995లో. అప్పుడు నాకు పధ్నాలుగేళ్లు. తెనాలిలో మా వీధి కేబులబ్బాయి కరెంటు స్తంభాల మీదుగా నల్లతీగ లాక్కొచ్చి, మా పెరటి గోడ మీంచి లోపలికి దింపాడు. ఒకే వాటాలో రెండు కాపురాలన్నట్టు, ఆ ఛానెల్‌లో పగలు బొమ్మలు వచ్చేవి. వాటి వేళ దాటగానే అదే టి.ఎన్.టి. అని పేరు మార్చుకుని పాత హాలీవుడ్ సినిమాలు వేసేది. టోపీల దొరలూ, గౌనుల దొరసానులూ దిగగానే మేము లేచిపోయేవాళ్లం.

మా మామ్మకు అప్పటికి డెబ్బైయారేళ్లు. చెవులు బొత్తిగా వినబడవు. అందరం ఏదో అనుకుని నవ్వుతుంటే, “ఏమిట్రా?” అని అడిగేది. మళ్లీ గొంతు చించుకుని చెప్పడం యెవరికి ఓపిక? “ఏం లేదులే మామ్మా” అనేవాళ్లం. అందరికంటే యెక్కువసార్లు ఆ మాటన్నది నేనే. కొన్నాళ్లకు ఆవిడ అడగడమే మానేసింది. చేట పట్టుకుని పెరటి వసారాలో కూర్చునేది.

ఒక ఆదివారం టామ్ అండ్ జెర్రీ చూస్తున్నాం. ఎలుక కోసం పన్నిన బోనులో పిల్లి తన తోకే యిరికించుకుంది. మేము పకపకా నవ్వాం. మా వెనక నుంచి మరో నవ్వు వినబడింది. గుమ్మంలో మామ్మ, చేతిలో చేట. యెవరూ చెప్పనక్కరలేకుండా, మాతోబాటే, సరిగ్గా ఆ క్షణానే నవ్వింది!

మర్నాటి నుంచి టీవీ ముందు మామ్మ పీట వెలిసింది. పైగా, “ఒరేయ్, కుక్క వెనకే వుంది, పిల్లి వెధవ చూసుకోడేం!” అంటూ మాకే కథ చెప్పేది.

ఆ బొమ్మల పుట్టుపూర్వోత్తరాలు నాకు తర్వాత తెలిశాయి. విలియం హానా, జోసెఫ్ బార్బెరా అనే యిద్దరు ఎం.జి.ఎం. కంపెనీలో వుండగా 1940లో మొదలుపెట్టి, 1958 వరకు 114 చిత్రాలు విడుదలయ్యాయి. ఏడు ఆస్కార్లు వచ్చాయి. అవి పిల్లల కోసమే తీసినవి కావు. థియేటర్లో పెద్ద సినిమాకు ముందు, పిల్లా పెద్దా అందరి కోసం వేసేవి. మాటలు దాదాపు లేవు. అడుగడుక్కీ స్కాట్ బ్రాడ్లీ కట్టిన వాద్యసంగీతమే. మామ్మకు ఆ సంగీతమూ వినబడలేదు. అయినా ఒక్క నవ్వూ తప్పిపోలేదు.

టెడ్ టర్నర్ 1986లో ఎం.జి.ఎం. పాత చిత్రాల భాండాగారం కొన్నాడు. 1991లో హానా-బార్బెరా కంపెనీని కూడా కొని, మరుసటి ఏడు అక్టోబరులో అమెరికాలో యీ ఛానెల్ పెట్టాడు. అంటే మేము కొత్త వింత అనుకున్నది, నిజానికి మామ్మ పడుచునాటి సరుకే!

తర్వాత ఛానెల్ సొంత కథలు తీసింది. 1996లో డెక్స్టర్స్ లాబొరేటరీ వచ్చింది. మంచివే గాని, వాటినిండా మాటలు. మామ్మ కాసేపు చూసి, “వీళ్లూ మీలాగే మాట్లాడుకుంటున్నార్రా” అంది. ఆ మాట నాకు చురుక్కున తగిలింది. చెల్లెలి పాత పలక వెతికి తెచ్చి, డెక్స్టర్ అన్నమాట తెలుగులో రాసి చూపించాను. చదువుకుని, మా కంటే ఒక నిమిషం ఆలస్యంగా నవ్వింది. ఆపైన ఆ పలక అన్నాల దగ్గరా, చుట్టాలొచ్చినప్పుడూ మామ్మ పక్కనే వుండేది. 1999లో ఆవిడ పోయేదాకా సుద్దముక్కలు కొంటూనే వున్నాం.

2001లో టి.ఎన్.టి. వాటా విడిపోయి, మన దేశంలో కార్టూన్ నెట్‌వర్క్ యిరవైనాలుగు గంటల ఛానెలయింది. తర్వాత తెలుగులోనూ మాట్లాడింది. యిప్పుడు బొమ్మలు యెవరి ఫోనులో వారివి.

నిన్న రాత్రి మా అమ్మాయి చెవుల్లో తీగలు పెట్టుకుని, ఫోను చూస్తూ ఒక్కతే పడీ పడీ నవ్వుతోంది.

“ఏమిటమ్మా?” అన్నాను.

“ఏం లేదులే నాన్నా!” అంది.

నేను కుర్చీ దగ్గరికి లాక్కుని, “కొంచెం యిటు తిప్పవే” అన్నాను.