చీర అసలు రంగు చూపించే దీపం

కొట్లో ముచ్చటపడి కొన్న మెరూన్ చీర ఇంటికొచ్చి చూస్తే వేరే రంగులా ఉందా? మన పెద్దవాళ్లు చీరను గుమ్మం దాకా తీసుకెళ్లి, ఎండలో చూసి గానీ బేరం తేల్చరు. ఎందుకంటే తప్పు చీరది కాదు, దీపానిది!

ఎండలో అన్ని రంగులూ ఉంటాయి. మామూలు ఎల్.ఇ.డి. బల్బులో పుట్టేది మాత్రం నీలి వెలుగు. దాని మీద పసుపు వెలుగిచ్చే పొడి పూస్తే, రెండూ కలిసి మన కంటికి తెల్లగా తోస్తాయి. అందులో ఎరుపు పాలు తక్కువ. అందుకే మెరూన్ వెలవెలబోతుంది.

మరి ఏ పూతా లేకుండా ఒకే పదార్థం తెల్లని వెలుగిస్తే? 2014లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో హేమమాల కరుణదాస బృందం అలాంటివి చేసి చూపించింది. ఈమెది మన పొరుగునే ఉన్న శ్రీలంక.

వాటిని హైబ్రిడ్ పెరోవ్‌స్కైట్లు అంటారు. 1839లో రష్యాలోని ఉరల్ పర్వతాల్లో దొరికిన ఓ ఖనిజం పేరే వీటికీ వచ్చింది. సీసం, బ్రోమిన్ కలిసిన పొర ఒకటి, దానిపై కర్బన రసాయనం పొర ఒకటి, అచ్చం మడత కాజాలాగే! అతినీలలోహిత కాంతి పడగానే లోపలి ఎలక్ట్రాన్లకు ఊపొస్తుంది. మనం కూర్చుంటే పరుపు కుంగినట్టు, వాటి చుట్టూ ఉన్న అమరిక కాస్త వంగుతుంది. అప్పుడు ఒక్క రంగు కాకుండా చాలా రంగులు కలిసి బయటికొస్తాయి. రంగులను ఉన్నవున్నట్టు చూపడంలో ఎండకు 100 మార్కులైతే వీటికి 80 దాటాయి.

అయితే చిక్కులూ ఉన్నాయి. అప్పటి వాటిలో మెరుగైనది కూడా 100 పాళ్ల కాంతి తీసుకుని తిరిగిచ్చింది 9 పాళ్లే. అదే ఏడు ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో మరో రకం పెరోవ్‌స్కైట్‌ని కరెంటుతో వెలిగించారు. కానీ ఈ జాతి పదార్థాల్లో చాలావాటికి తేమ గిట్టదు. పైగా సీసం పిల్లల మెదడుకు చేటు. పోనీ తగరం వాడదామంటే అది గాలికే చెడిపోతుంది. ఈ చిక్కులు విడితేగానీ ఇవి మన ఇంటి దీపాలు కాలేవు.

అందాకా ఓ చిట్కా. బల్బు కొనేటప్పుడు పెట్టె మీద సి.ఆర్.ఐ. అంకె చూడండి. అది 90 దాటితే రంగులు బాగా తెలుస్తాయి. చీర కొనేటప్పుడు మాత్రం గుమ్మం దాకా వెళ్లడం మానకండి!