ఎనిమిది కోర్‌లు – ఒక చిత్రము

ఐరోపా అంతరిక్ష సంస్థ 2013లో ‘గాయా’ అను దూరదర్శినిని అంతరిక్షమునకు పంపినది. దాని పరిశీలనలనుండి 2020 డిసెంబరులో వెలువడిన పట్టికయందు సుమారు 180 కోట్ల నక్షత్రముల స్థానములు కలవు. ఇన్ని అంకెలను చదివి గ్రహించుట ఎవరి తరము? ఆకాశమును పటముగా పరచి, ఒక్కొక్క బిందువులో ఎన్ని నక్షత్రములు పడునో లెక్కించి, ఆ సంఖ్యనుబట్టి బిందువునకు వెలుగునిచ్చినచో పాలపుంత కన్నులకు కట్టును. అడ్డముగా 3840, నిలువుగా 2160 బిందువులు గల తెరపై మొత్తము 82,94,400 బిందువులుండును.

నేటి కంప్యూటరులో గణనము చేయు భాగములు అనేకము. వీటిని ‘కోర్’లందురు. పనిని వాటికి పంచి ఏకకాలమున చేయించుటయే సమాంతర ప్రోగ్రామింగు. ఎనిమిది కోర్‌లున్నచో ఒక్కొక్కదాని వంతు 22 కోట్ల 50 లక్షల నక్షత్రములు.

ఇచ్చట ఒక చిక్కు కలదు. ఒక బిందువువద్ద లెక్క 41 అనుకొందము. రెండు కోర్‌లు ఒకేసారి 41ని చదివి, చెరియొకటి కలిపి, రెండును 42 అనియే వ్రాయును. రావలసినది 43! ఒక నక్షత్రము మాయమైనది. యంత్రము ఈ తప్పును తెలుపదు; చిత్రము మాత్రము అబద్ధమాడును.

ఒక కోర్ వ్రాయునపుడు మరియొకదానిని ఆపవచ్చును. కాని మాటిమాటికి ఆగినచో వేగము పోవును. ఎన్నికల ఓట్లను వేర్వేరు బల్లలవద్ద లెక్కించి చివరకు కూడునట్లు, ప్రతి కోర్‌కును వేరు లెక్కపట్టిక నిచ్చుట మేలు. బిందువునకు 4 బైట్ల చొప్పున పట్టికకు సుమారు 33 మెగాబైట్ల స్థలము పట్టును. చివరి కూడికను గూడ పంచవచ్చును. అప్పుడు నక్షత్రములకు బదులు బిందువులను పంచవలెను. ఒక కోర్ వ్రాయు బిందువును మరియొకటి తాకదు.

కనుక పని పంచుటకు ముందే ఏ కోర్ ఎచ్చట వ్రాయవలెనో నిశ్చయింపవలెను. ఉపాధ్యాయులు ఇద్దరు విద్యార్థులచేత నల్లబల్లపై ఈ 41 లెక్కను చేయించి చూపవచ్చును.