చలికాలంలో తొట్టి చేపల సంరక్షణ: మేత తగ్గించడమే మేలు

జి.కొండూరు: పూర్వపు కృష్ణా జిల్లాలో భాగంగా ఉండి, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన జి.కొండూరు, నందిగామ, జగ్గయ్యపేట మెట్ట ప్రాంతాలలో ధనుర్మాసం నుండి రాత్రివేళ చలి, పగటివేళ ఎండ మధ్య వ్యత్యాసం అధికమవుతుంది. పెరటి సిమెంటు తొట్లలో దోమ పిల్లల నివారణకు, ముచ్చటకు పెంచే గప్పీ, పరిగె, గోల్డ్ ఫిష్ వంటి చిన్న చేపలను ఈ రోజులలో ఇంటి లోపలికి మార్చుకోవడం మంచిది. అయితే వాటిని బలిగొనేది చలి ఒక్కటే కాదు, తెలియక చేసే పొరపాట్లు కూడా అందుకు కారణమవుతాయి.

చేప శరీర ఉష్ణోగ్రత నీటి ఉష్ణోగ్రతను అనుసరించి మారుతుంది. నీరు చల్లబడితే జీర్ణశక్తి మందగిస్తుంది. మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా ఏర్పడుతుంది, ప్రాణవాయువు హరించుకుపోతుంది. వాస్తవానికి చల్లని నీటిలో ప్రాణవాయువు ఎక్కువగా కరుగుతుంది. లీటరు నీటిలో 30 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 7.5 మిల్లీగ్రాములు, 20 డిగ్రీల వద్ద సుమారు 9 మిల్లీగ్రాముల వరకు కరుగగలదు. కనుక చలికి ఊపిరాడక చేపలు చనిపోతాయన్న అభిప్రాయం సరికాదు.

చేపలను లోపలికి మార్చేటప్పుడు పాత్రలో సగం వరకు పాత తొట్టి నీటినే నింపాలి. క్లోరిన్ కలిపిన కుళాయి నీటిని వెడల్పాటి పాత్రలో 24 గంటలు నిల్వ ఉంచిన తరువాతే కలపాలి. అటుపై వారానికొకసారి నాలుగో వంతు నీటిని మాత్రమే మార్చాలి. వెడల్పు మూతిగల ప్లాస్టిక్ లేదా గాజు పాత్రను గోనెసంచి పరచిన చెక్కపై ఉంచితే నేల చల్లదనం తగలదు. రాగి బిందెలు, గంగాళాలు వాడరాదు. రాగి లవణాలు చేపలకు విషతుల్యం. తలుపులు మూసిన గదిలో దోమల చుట్టలు, దోమల మందు ద్రవాలు వాడినా ప్రమాదమే. వాటిలోని పైరిథ్రాయిడ్ మందులు స్వల్ప పరిమాణంలోనూ చేపలకు హాని చేస్తాయి.

మేతను పగటిపూట ఒక్కసారి, రెండు మూడు నిమిషాలలో తినగలిగినంత మాత్రమే వేయాలి. నీటి ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు తగ్గితే రోజు విడిచి రోజు చాలును. ఎదిగిన చేపలు కొద్దిరోజులు మేత లేకున్నా తట్టుకోగలవు. గప్పీలకు గోల్డ్ ఫిష్ కంటే వెచ్చదనం అధికంగా అవసరమన్న విషయాన్ని గమనించాలి.

తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోరు తెరుస్తుంటే మేత ఆపి, నాలుగో వంతు నీటిని మార్చాలి. ఒంటిపై దూదిపింజల వంటి తెల్లని పోగులు కనిపిస్తే ఆ చేపను వేరు చేసి, లీటరుకు 1 నుండి 2 గ్రాముల రాళ్ల ఉప్పు కరిగించిన నీటిలో ఉంచాలి.

చేపలు లేని తొట్టిలో నిలిచిన మంచినీరు డెంగీని వ్యాపింపజేసే దోమకు నిలయమవుతుంది. అందుచేత చేపలను లోపలికి మార్చినంత కాలం పెరటి తొట్టిని ఎండగట్టడం లేక మూతవేయడం తప్పనిసరి. రథసప్తమి తరువాత ఎండ ముదిరినప్పుడు చేపలను తిరిగి వదలవచ్చును. అయితే గప్పీ వంటి విదేశీ జాతులను ఊరి చెరువులలో ఎట్టి పరిస్థితులలోనూ వదలరాదు. అవి స్థానిక చేపల పిల్లలకు ముప్పు కలిగిస్తాయి.