సగం కుల్చా చాలమ్మా!

హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవాళ్ళ దగ్గర ఫుడ్ వాక్ మాటెత్తితే ముందు నవ్వుతారు. చార్మినార్ దగ్గర చాయ్ తాగడానికి కూడా డబ్బులిచ్చి ఓ మనిషిని వెంటబెట్టుకుని వెళ్ళాలా అంటారు. అడగాల్సిన మాటే. నయాపూల్ దాటితే మదీనా చౌరస్తా, అక్కణ్ణుంచి పత్తర్‌గట్టీ, నాలుగు కమాన్లు, గుల్జార్ హౌజ్, ఆ వెనక చార్మినార్. తిన్నగా పోయే దారి. తప్పిపోదామన్నా కుదరదు.

అయితే పాతబస్తీలో తినడానికి దారి తెలిస్తే చాలదు, వేళ తెలియాలి. రాత్రంతా సన్నసెగ మీద ఉడికిన నహారీ తెల్లవారుజామున దించుతారు. ఎండెక్కాక వెళ్తే అడుగున మిగిలిందే గతి. గుల్జార్ హౌజ్ దగ్గరి దోసెల బండి మధ్యాహ్నానికల్లా సర్దేస్తుంది. నాన్ రోజంతా దొరుకుతుంది కానీ బట్టీలోంచి తీసిన పది నిమిషాల్లో తినకపోతే దాని గొప్పతనం సగం పోయినట్టే. బిర్యానీ దేగ్ మూత తీసేది మధ్యాహ్నం భోజనం వేళకి. హలీం అసలు సందడి రంజాన్‌లోనే. ఇవేవీ ఏ బోర్డు మీదా రాసిపెట్టి ఉండవు. ఆ ఊళ్ళో పెరిగినవాడికి తెలుస్తాయి, లేదా తెలిసినవాడి వెంట నడిచేవాడికి.

వేళ తర్వాత కడుపు. కొత్తవాళ్ళు మొదటి హోటల్లోనే ఆవురావురుమని లాగించి, రెండో చోటికి వచ్చేసరికి చేతులెత్తేస్తారు. నా మట్టుకు నాకు మంచి గైడ్ అంటే తినిపించేవాడు కాదు, ఆపేవాడు.

ఎండలు ఇంకా ముదరని వేసవి మొదట్లో, ఓ ఆదివారం ఉదయం ఆరున్నరకు మదీనా దగ్గర కలుసుకున్నాం. విజయవాడ నుంచి కూతురితో వచ్చిన రిటైర్డ్ టీచరమ్మ, మాదాపూర్‌లో పనిచేసే ఐటీ కుర్రాళ్ళు, పుణె నుంచి ఓ జంట. ఆ జంటలో అమ్మాయి శాకాహారి. గైడ్ పాతబస్తీ మనిషే, యాభై దాటాయి. తెలుగు, దక్కనీ, ఇంగ్లీషు మూడూ ఒకే వాక్యంలో దొర్లిస్తాడు. బయలుదేరక ముందే హెచ్చరించాడు: "పైసలిచ్చినం గదా, మొత్తం తినాలె అనుకోకుండ్రి. ఒక్కో తాన రెండు ముద్దలు. గంతే."

మొదటి మజిలీ నహారీ. నయాపూల్ చుట్టుపక్కల హోటళ్ళలో ఆదివారం పొద్దున బల్లలన్నీ దీనికోసమే నిండుతాయి. రాత్రి డ్యూటీ దిగినవాళ్ళు, ఫజర్ నమాజు ముగించుకుని వచ్చినవాళ్ళు, నిద్రపోకుండా నేరుగా వచ్చిన కాలేజీ పిల్లలు. గిన్నెలో చూడ్డానికి పలచటి పులుసే. కాళ్ళూ నాలుకా రాత్రంతా ఉడికి వదిలిన జిగురుకి పెదాలు అతుక్కుంటాయి. పక్కన కుల్చా, ఓ నిమ్మచెక్క, కాస్త పుదీనా. దాని వాసనే వేరు. ధనియాలో గరం మసాలానో అనుకుంటాం కానీ అది వేరే కథ, తర్వాత చెబుతా. టీచరమ్మ రెండో కుల్చా అందుకోబోతుంటే గైడ్ చెయ్యి అడ్డం పెట్టాడు. "సగం కుల్చా చాలమ్మా! ఇంక చానా దూరమున్నది." ఆవిడ కళ్ళెర్రజేసింది. ఇన్నేళ్ళ సర్వీసులో ఆవిడకి అడ్డుచెప్పినవాడు లేడేమో.

పురానీ హవేలీ దారిలో నాన్ కొట్ల దగ్గర ఆగాం. ఈ ప్రాంతంలో మున్షీ నాన్ పేరు 1851 నాటిదని చెబుతారు. నిజాం కొలువులో మున్షీగా చేసినాయన మొదలుపెట్టిన వ్యాపారమట. ఇక్కడి నాన్ గుండ్రంగా ఉండదు, నలుచదరం. అది తయారయ్యే తీరు మాత్రం నిలబడి చూడాల్సిందే. బట్టీ నేలలోకి దిగిన బావి. దాని గట్టు మీద ఒకాయన గొంతుక్కూర్చుని ఉంటాడు. పిండిముద్దను చదరంగా సాగదీసి, దాని మీద కత్తితో గీతలు గీసి, వెనకవైపు తడిచేసి, గుడ్డ చుట్టిన దిండు మీదికెత్తి, భుజం దాకా బట్టీలోకి వంగి గోడకి చప్పున చరుస్తాడు. ఆ వంగడం క్షణంలో సగం. చేతి వెంట్రుకలు ఎప్పుడో కాలిపోయాయి. కాసేపటికి రెండు ఇనప ఊచలు తీసుకుని, ఒకదాని కొనతో నాన్ అంచు గీకుతూ ఇంకోదాని కొక్కేనికి తగిలించి పైకి లాగుతాడు. అడుగు కరకరలాడుతుంది, పైభాగం మెత్తగా ఉంటుంది. పుణె అమ్మాయి మొత్తం ఒక్కతే తినేసింది. గైడ్ ఈసారి ఏమీ అనలేదు. నహారీ తినని మనిషి కదా, కడుపులో చోటుంది.

పాతబస్తీ మెట్రో మార్గం ఈ దారుల్‌షిఫా, పురానీ హవేలీల మీదుగానే పోతుంది. 2025 మొదటి నుంచీ దానికోసం రోడ్డు పక్క కట్టడాలు కూల్చుతూ వచ్చారు. మెట్రో రావాలి, రాకపోతే పాతబస్తీకి అన్యాయం. కానీ నేలలోకి దిగిన బట్టీని గ్యాస్ స్టవ్‌లా ఇంకో చోటికి మోసుకెళ్ళలేం. పరిహారం లెక్కల్లో ఆ బట్టీకి విలువ కట్టేదెవరో.

మీర్ ఆలం మండీలో తినడానికేం లేదు. నాకు మాత్రం ఆ పొద్దుటి నడకలో అన్నిటికంటే విలువైన చోటు ఇదే. చాలామంది గైడ్లు దీన్ని వదిలేస్తారు, ఫొటోకి బాగోదని. మసాలా కొట్టు ముందు మా గైడ్ ఒక చిన్న గుడ్డమూట విప్పించాడు. పొట్లీ మసాలా. లోపల రాతిపువ్వు, వట్టివేళ్ళు, ఎండు గులాబీ రెక్కలు, పాన్ కీ జడ్, చందనప్పొడి, దాల్చినచెక్క. నహారీలో కనబడకుండా వాసనే మిగిల్చింది ఇదన్నమాట. మూటగానే పులుసులో వేసి, ఉడికాక మూటగానే తీసేస్తారు. వట్టివేళ్ళని వేసవిలో తడికెలుగా కట్టుకోవడం ఎరిగిన టీచరమ్మ, వాటిని మాంసంలో వేస్తారంటే నమ్మలేకపోయింది.

నాలుగు అడుగులు వేశాక ఆవిడ వంతు వచ్చింది. గోనెపట్టా మీద లేత చింతచిగురు కుప్పపోసుకుని ఒకామె కూర్చుని ఉంది. "ఇది మేం పప్పులో వేస్తాం బాబూ" అంది టీచరమ్మ. "మేం గోష్త్‌ల ఏస్తం అమ్మా. సీజన్ ఉన్నన్ని దినాలు ఇంట్ల అదే" అన్నాడు గైడ్. పక్కనే గోంగూర. వాళ్ళ అంబాడా గోష్త్, మన గోంగూర మాంసం. అప్పటిదాకా గైడ్ చెప్తుంటే విన్న మనిషి, అక్కణ్ణుంచి తను చెప్పడం మొదలుపెట్టింది. చిగురుని నలపాలా, ఎప్పుడు వేయాలి, ఉప్పు ముందా వెనకా. ఇద్దరికీ కుదరలేదు. వెనక మేమందరం ఎండలో నిలబడ్డాం.

పాతబస్తీ తిండి మీద మాట్లాడేవాళ్ళంతా నవాబులు, దేగ్‌లు, కుంకుమపువ్వు దగ్గరే ఆగిపోతారు. అది సగమే. ఈ ఊరికి తిండి నాలుగు దిక్కుల నుంచీ వచ్చింది. నిజాం సైన్యంలో కొలువు కోసం హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు హరీస్ తెచ్చారు, వాళ్ళ వారసులు ఇప్పటికీ బార్కస్‌లో ఉన్నారు. ఆ హరీస్ మసాలాలు పట్టి హలీం అయింది, 2010లో భౌగోళిక గుర్తింపు కూడా తెచ్చుకుంది. యజ్ద్, కెర్మాన్ వైపు నుంచి వచ్చిన ఇరానీలు చాయ్ హోటళ్ళు పెట్టారు. దేశ విభజనతో సింధ్ వదిలి వచ్చిన కుటుంబం మొజంజాహీ మార్కెట్ దగ్గర 1953లో కరాచీ బేకరీ తెరిచింది. వచ్చినవాళ్ళ వంటల్లోకి ఈ నేల చింతపండు, నువ్వులు, పల్లీలు, కొబ్బరి, ఎండుమిర్చి మెల్లగా దూరిపోయాయి. మిర్చీ కా సాలన్, బగారా బైంగన్ రుచి చూసి అవి తెలుగింటి పులుసుకి చుట్టాలు కాదనగలిగినవాళ్ళు చెయ్యెత్తండి. పొద్దుట ఖిచిడీ, ఖీమా పక్కన పోసే ఖట్టా కూడా నువ్వులూ చింతపండే. 2019లో యునెస్కో హైదరాబాద్‌ని ఆహార విభాగంలో సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చింది. ఆ గుర్తింపులో మీర్ ఆలం మండీ చింతచిగురు అమ్మే ఆమెకీ ఓ వాటా ఉందని నా వాదన.

గుల్జార్ హౌజ్ దగ్గర గోవింద్ దోసెల బండి చుట్టూ జనం. పెనం నిండా దోసెలు, వాటి మీద వెన్న ముద్దలు, ఉప్మా, తరిగిన ఉల్లి, టమాటా, కారప్పొడి. అట్లకాడతో అన్నీ కలిపి మెదిపి దోసె అంతా పులుముతారు. ఉప్మా పెసరట్టు ఎరిగిన కోస్తా వాళ్ళకి ఇది వింత కాదు కానీ, ఇంత వెన్న వాళ్ళూ చూసి ఉండరు. నాకు నచ్చలేదు. వెన్న అన్ని రుచులనీ మింగేసింది. ఐటీ కుర్రాళ్ళు మాత్రం రెండోది చెప్పారు, గైడ్ అటువైపు తిరిగి ఉన్నప్పుడు చూసి.

ఇక్కడే ఒక మాట. రీల్స్ వచ్చాక ఈ కూడళ్ళలో కొన్ని గుంపుల తీరు చూడలేకపోతున్నాం. దోసె పోసే చేతికి అడ్డంగా ఫోను పెట్టడం, క్యూలో నిలబడ్డ కూలీని పక్కకి జరగమనడం, గల్లీలో గుమ్మం ముందు కూర్చున్న ఆడవాళ్ళని అడక్కుండా ఫొటో తీయడం. అది వాళ్ళ ఇల్లు, మ్యూజియం కాదు. మా గైడ్ అందర్నీ ఎదురు ఫుట్‌పాత్ మీద నిలబెట్టి, ఇద్దరిద్దర్ని పంపాడు. బండివాడికి చెప్పిన ధర చెప్పినట్టు ఇచ్చాడు. ఫ్రీగా రుచి చూపించమని అడగలేదు. వాక్ బుక్ చేసుకునే ముందు అడగాల్సిన ప్రశ్నలు ఇవే: గుంపులో ఎంతమంది? తిండి ఖర్చు మీరిచ్చే రుసుములో కలిసే ఉంటుందా, విడిగానా? శాకాహారులకి ఎన్ని చోట్ల తినడానికుంటుంది? ఇరవై మందిని తోలుకెళ్ళేవాళ్ళ జోలికి పోకండి. ఇరవై మంది పట్టే గల్లీలు అక్కడ లేవు.

చార్మినార్ పక్కన నిమ్రా కేఫ్‌లో చాయ్. 1591 నాటి కట్టడం ఎదురుగా ఉండగా అందరి కళ్ళూ కప్పు మీదే. కౌంటర్ వెనక్కి తొంగిచూస్తే సంగతి తెలుస్తుంది. ఒక పాత్రలో డికాక్షన్, మూత చుట్టూ గుడ్డ బిగించి గంటల తరబడి దమ్ పట్టిస్తారు. ఇంకో పాత్రలో పాలు, మరిగి మరిగి చిక్కబడి మీగడ రంగుకి తిరుగుతాయి. మన ఇంట్లోలాగా రెండూ కలిసి మరగవు, కప్పులోకి వచ్చాకే కలుస్తాయి. అందుకే పాల తీపీ, ఆకు వగరూ వేర్వేరుగా నాలుకకి అందుతాయి. పక్కన పళ్ళేల్లో ఉస్మానియా, ఫైన్, చాంద్ బిస్కెట్లు. ఉస్మానియా ఆస్పత్రిలో రోగుల కోసం ఆ బిస్కెట్ చేయించారని అందరూ చెప్పే కథ గైడ్ కూడా చెప్పాడు. చివర్లో కన్నుగీటి, "కథ మంచిగుంది గదా, ఉండనియ్యిండ్రి" అన్నాడు. చరిత్రకీ కబుర్లకీ మధ్య గీత గీసి చూపించే గైడ్ దొరకడం అదృష్టం. చాలామంది గీయరు.

"మరి బిర్యానీ ఏదండీ?" టీచరమ్మ కూతురు అడిగింది. అందరం అడగాలనుకుంటున్నదే.

"బిర్యానీ నడుసుకుంట తినేది గాదు మేడం. కూసొని తినాలె. కచ్చే గోష్త్‌ది దమ్ ఎక్కాలంటే టైమ్ పడ్తది, తినెటోనికి గూడ టైమ్ ఉండాలె."

పచ్చి మాంసాన్ని పెరుగూ మసాలాల్లో నానబెట్టి, సగం ఉడికిన బియ్యం దాని మీద పరిచి, మూత చుట్టూ పిండి అతికించి సెగ పెట్టే వంట అది. అన్నం, మాంసం ఒకేసారి ఉడకాలి. ఒకటి ముందైనా రెండోది పాడే. రెండు ముద్దలు రుచి చూసి పోవడం దానికి అవమానమే. దాన్ని నడకలోంచి తీసేసినందుకు ఈ గైడ్ మీద గౌరవం పెరిగింది. కుర్రాళ్ళు మాత్రం అప్పటికే ఫోన్లో షాదాబ్ హోటల్ ఎంత దూరమో చూస్తున్నారు.

మిగిలిన సగం సాయంత్రానిది. ఏడో నిజాం తన రెండో కొడుకు పేరు మీద 1935లో కట్టించిన మొజంజాహీ మార్కెట్, దాని రాతి వసారాల్లో ఐస్‌క్రీం కొట్లు. అక్కణ్ణుంచి నాంపల్లి వైపు వెళ్తే హమీదీ మిఠాయి కొట్లో జౌజీ హల్వా, మొలకెత్తిన గోధుమల పాలు తీసి నెయ్యి పోస్తూ గంటలకొద్దీ తిప్పి చేసేది. ఖుబానీ కా మీఠా కూడా అప్పుడే. మళ్ళీ ఎన్నింటికి కలుద్దామని అడిగాం. ఆరింటికి రమ్మన్నాడు. ఆటో ఎక్కుతున్న టీచరమ్మని మాత్రం ఆపి మరీ చెప్పాడు, "అమ్మా, మధ్యాహ్నం అన్నం తినకుండ్రి."