తొంభై తొమ్మిది లక్షల ఆటలు, రెండు బొటనవేళ్లు

1990లలో మన తీర్థాల్లో, జాతరల్లో బొమ్మల అంగళ్ల మీద బూడిద రంగు తెరతో, చేతిలో ఇమిడే ఒక ప్లాస్టిక్ ఆట దొరికేది. పేరు బ్రిక్ గేమ్. డబ్బా మీద ‘9999 ఇన్ 1’ అని పెద్ద అక్షరాలు. లోపల ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టేయొచ్చు: పైనుంచి ఇటుకలు రాలే టెట్రిస్, పాము, కారు రేసు, గోడ పగలగొట్టే బంతి, టాంకుల యుద్ధం. వేగం మారితే ఒక ఆట, లెవెల్ మారితే ఇంకో ఆట అని లెక్క కట్టి ఆ సంఖ్య పుట్టించారు. టీవీకి తగిలించే వీడియో గేమ్ క్యాసెట్లదీ అదే వరస. వాటి మీద తొమ్మిదులు ఏడింటి దాకా వెళ్లాయి, అంటే కోటికి ఒకటి తక్కువ. మెనూలో పేజీలు తిప్పుతూ పోతే మళ్లీ అదే మారియో, కాకపోతే ఈసారి మూడో లెవెల్ నుంచి మొదలవుతాడు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో అమ్మే చైనా ‘రెట్రో’ హ్యాండ్‌హెల్డ్‌ల ప్రకటనలూ వేల ఆటలనే చెప్పుకుంటాయి. మెమరీ కార్డులు పెద్దవయ్యాయి కాబట్టి ఇప్పటి అంకెల్లో కొంత నిజం కూడా ఉంది. అయినా కొనేవాడు చూడాల్సింది అది కాదు. పాత ఆట రుచి అంతా వేలికీ, తెరమీది బొమ్మకీ మధ్య కుదిరిన లంకెలో ఉంది. ఆ లంకె కంట్రోలర్, మనవాళ్లు రిమోట్ అనో జాయ్‌స్టిక్ అనో పిలుచుకున్న వస్తువు. అది బాగుంటే పది ఆటలు చాలు, లేకపోతే పది వేలూ దండగే.

అంకె చూపించి అమ్మాల్సిన అవసరం ఎందుకొచ్చిందో కూడా చూడాలి. మన అనకాపల్లి జిల్లాలోనే, వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అంకుడు కర్రను లేతు మీద తిప్పుతూ, రాపిడి వేడికే లక్కను కరిగించి రంగు పట్టించే ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడ బొంగరం కొనాలనుకున్నవాడు డబ్బులిచ్చే ముందు ఒకసారి తిప్పి చూడొచ్చు. నిలిచి తిరిగిందా, తూలిందా అన్నది అక్కడికక్కడే తేలిపోతుంది. వీడియో గేమ్ సీలు వేసిన అట్టపెట్టెలో వస్తుంది. షాపువాడు విప్పనివ్వడు, ఆన్‌లైన్ బేరంలో అయితే ఆ ఊసే లేదు. చేత్తో తప్ప తెలియని గుణాన్ని పెట్టె మీద అచ్చు వేయలేరు, అందుకని కంటికి ఆనే అంకె వేశారు. అబద్ధం ఆడాలన్న దుర్బుద్ధి కన్నా, ఆడి చూసే వీలు లేని బేరమే ఇక్కడ అసలు కారణం అనిపిస్తుంది. దుర్బుద్ధి లేదని మాత్రం అనను.

నిజానికి మన ఇళ్లకు వచ్చినవే నకళ్లు. నింటెండో కంపెనీ 1983 జులై 15న జపాన్‌లో ఫ్యామిలీ కంప్యూటర్ అనే యంత్రాన్ని విడుదల చేసింది. మసయుకి ఉయెమురా నాయకత్వంలో తయారైన ఆ యంత్రం పని చేసే మెమరీ కేవలం 2 కిలోబైట్లు. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రోస్ ఆట మొత్తం 40 కిలోబైట్లు, అంటే ఫోన్లో తీసిన ఒక్క ఫొటోలో ఎన్నో మారియోలు పడతాయి. అప్పట్లో మన దేశంలో వినియోగ వస్తువుల దిగుమతి మీద గట్టి ఆంక్షలుండేవి. 1991 సంస్కరణల తర్వాత కూడా వాటిలో చాలావరకు కొనసాగి, చివరివి 2001 ఏప్రిల్ 1న తొలగాయి. ఆ ఖాళీలోకి మీడియా, లిటిల్ మాస్టర్ వంటి పేర్లతో ఆ యంత్రం నకళ్లు వచ్చి చేరాయి. ఇక్కడొక తమాషా ఉంది. జపాన్ టీవీ సెకనుకు 60 సార్లు తెర గీస్తే, మన పాల్ పద్ధతి టీవీ 50 సార్లే గీస్తుంది. ఆట తన కాలాన్ని ఆ గీతలతోనే కొలుచుకుంటుంది. కాబట్టి పాల్ దేశాల కోసం చేసిన నకలులో జపాన్ ఆట పెడితే మారియో ఆరో వంతు నెమ్మదిగా పరిగెత్తేవాడు, వెనకాల పాట కూడా అంతే సాగేది. అంటే ఒక తరం తెలుగు పిల్లలు విని పెరిగిన మారియో పాట, జపాన్ పిల్లలు విన్న పాట కన్నా నిదానం. అలాంటి నకలు కూడా మనసుకు పట్టిందంటే, అందులో చెడిపోకుండా వచ్చినది ఏదో ఒకటి ఉండాలి.

చెడిపోకుండా వచ్చింది చేతిలోని పలక, అంటే కంట్రోలర్. దాని మీద ఎడమ పక్కనుండే ప్లస్ ఆకారపు బటన్ గున్‌పే యొకోయి ఆలోచన. పేకముక్కలతో 1889లో క్యోటోలో మొదలైన నింటెండోలో 1965లో యంత్రాల మరమ్మతు పనికి చేరి, ఆటబొమ్మల రూపకర్తగా ఎదిగిన మనిషి ఆయన. 1982లో డాంకీ కాంగ్ అనే చేతి ఆట కోసం ఈ ప్లస్‌ను వాడారు. అంతకు ముందు అటారి కంపెనీ జాయ్‌స్టిక్ కర్రను పిడికిట్లో పట్టి మణికట్టుతో వంచాల్సి వచ్చేది. ప్లస్ ఆ పనినంతా ఒక్క బొటనవేలికి అప్పగించింది. దాని అడుగున మధ్యలో ఒక చిన్న బొడిపె ఉంటుంది, త్రాసు ముల్లులా. ఒక కొస నొక్కితే రెండో కొస లేస్తుంది గనుక కుడి ఎడమలు ఒకేసారి పడవు. చవక నకళ్లలో ఈ బొడిపె సరిగా లేకపోతే నేరుగా నడవాల్సిన బొమ్మ ఐమూలగా పోతుంది, గొయ్యి దాటాల్సినచోట కూర్చుంటుంది. కుడి పక్క రెండు బటన్లలోనూ ఇలాంటి లెక్కే ఉంది. మారియో పరిగెత్తాలంటే B నొక్కి ఉంచాలి, ఎగరాలంటే A. ఆడటం వచ్చినవాళ్లు బొటనవేలి కొసను B మీదే ఉంచి, అదే వేలి కణుపును పక్కకు వాల్చి A నొక్కుతారు. ఎవరూ నేర్పని ఈ వాలు రెండు బటన్ల మధ్య దూరం వల్ల వచ్చింది. మొదట్లో వచ్చిన ఫ్యామిలీ కంప్యూటర్లకు చతురస్రపు రబ్బరు బటన్లు ఉండేవి. అవి ఇరుక్కుపోతున్నాయని గుండ్రటి ప్లాస్టిక్‌కు మార్చారు. ఆట ఒక్క అక్షరం మారలేదు, ఆడే తీరు మాత్రం బాగుపడింది.

‘ఇదంతా చిన్ననాటి మీద బెంగ, దానికి ఇంత సిద్ధాంతం ఎందుకు’ అని ఎవరైనా అడగొచ్చు. బెంగ లేదనను. కానీ కేవలం బెంగే అయితే బొమ్మ కనబడితే చాలాలి, పాట వినబడితే చాలాలి. బాతుల వేట ఆటను తీసుకోండి. ప్లాస్టిక్ గన్ ట్రిగ్గర్ నొక్కగానే తెర రెప్పపాటు నల్లబడుతుంది, మరుక్షణం బాతు ఉన్నచోట తెల్ల గడి మెరుస్తుంది. గన్ గొట్టంలోని కాంతి సెన్సర్ ఆ తెలుపును పట్టుకుంటే బాతు పడ్డట్టు. గన్ నుంచి టీవీకి పోయేదేమీ లేదు, టీవీ నుంచే గన్‌కి వెలుగు వస్తుంది. పాత డబ్బా టీవీ ఆ గడిని తక్షణం గీస్తుంది కాబట్టి లెక్క కుదిరేది. ఎల్‌సీడీ టీవీ బొమ్మను కాసేపు తన దగ్గర ఉంచుకుని చూపిస్తుంది. ఆ జాప్యంలో గన్ చూసే క్షణం దాటిపోతుంది. ఇవాళ్టి యంత్రంలో అదే ఆట, అవే బాతులు, అదే పకపకమనే కుక్క తు.చ. తప్పకుండా వస్తాయి. గన్ పేలదు కాబట్టి రెండు నిమిషాలకు మించి ఎవరూ ఆడరు. కాంట్రా ఆటలో ముప్పై లైఫ్‌లు తెచ్చే రహస్య వరసదీ ఇలాంటి కథే. 1986లో గ్రాడియస్ ఆటను పరీక్షించడం కష్టంగా ఉందని దాని తయారీలో ఉన్న కజుహిసా హషిమోటో పెట్టుకున్న ఆ వరస, పైకి కిందకి ఎడమ కుడుల నొక్కుడు, చివర B, A తప్ప మరేమీ కాదు. తెర మీద కనబడదు, చెప్పమంటే తడబడతారు, పలక చేతికిస్తే వేళ్లు నొక్కేస్తాయి.

రెండో అభ్యంతరం బలమైనది: ఈ ఆటలన్నీ ఫోన్లో ఉచితంగా ఆడుకోవచ్చు కదా? ఆడుకోవచ్చు. కాకపోతే అద్దం మీద గీసిన బటన్‌కి అంచు ఉండదు. వేలు ఎక్కడుందో తెలియాలంటే చూడాలి, చూస్తే బొమ్మ మీద నుంచి కన్ను తప్పుతుంది, పైగా వేలే సగం తెరను కప్పేస్తుంది. అద్దాన్నే నమ్ముకుని పుట్టిన ఆటలు వేరు. క్యాండీ క్రష్ లాంటివాటికి బటన్ పెడితేనే చెడిపోతాయి. కానీ పబ్‌జీ వంటి ఆటలు ఊపందుకున్నాక మొబైల్ సామాన్ల కొట్లలో ఏం వేలాడుతున్నాయో గమనించండి. ఫోన్ అంచుకు తగిలించే ట్రిగ్గర్లు, చెమట పట్టకుండా వేలికి తొడుక్కునే గుడ్డ తొడుగులు. పాత ఆట మొహం చూడని కుర్రాళ్లు డబ్బు పెట్టి మళ్లీ బటన్నే కొనుక్కుంటున్నారు. దీన్ని బెంగ అనలేం.

కంట్రోలర్ ఎంత దగ్గరి వస్తువో చెప్పే ఉదంతం ఒకటి హైదరాబాద్‌లోనే దొరుకుతుంది. 2009లో అక్కడి అరోనా టెక్నాలజీస్ ప్లేస్టేషన్ 2 కోసం ‘హనుమాన్: బాయ్ వారియర్’ అనే ఆట తయారుచేసింది. అదే ఏడు హైదరాబాద్‌కే చెందిన గేమ్‌శాస్త్ర చేతిలో కబడ్డీ, గిల్లీ దండా ఉన్న ‘దేశీ అడ్డా’ వచ్చింది. హనుమాన్ ఆట సమీక్షకులకు పెద్దగా నచ్చలేదు, అది వేరే సంగతి. అమెరికాలోని రాజన్ జెడ్ అనే హిందూ నాయకుడు మాత్రం గట్టిగా అభ్యంతరం చెప్పారు: భక్తుడు దేవుడి చేతిలో ఉండాలి గానీ, దేవుణ్ని బటన్లతో ఆడించడమేమిటని. హనుమంతుడి మీద సినిమా తీస్తే రాని మాట ఇక్కడ ఎందుకొచ్చింది? చూడటానికీ ఆడించడానికీ తేడా ఉంది కాబట్టి. ఆ తేడాను ఆయన సరిగానే పట్టుకున్నారు. అక్కడి నుంచి అపచారం దాకా వెళ్లడంతోనే పేచీ. మన తోలుబొమ్మలాటలో వెన్నుబద్ద ఒక చేత్తో, చేతి పుల్లలు ఇంకో చేత్తో పట్టుకుని హనుమంతుణ్ని లంకకు దూకించడం తరతరాల విద్య. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఆ బొమ్మలు ఇప్పటికీ చేస్తున్నారు. ఆడించినందుకు ఎవరూ కోప్పడలేదు, సరిగా ఆడించకపోతేనే కోప్పడ్డారు.

ఇప్పుడు కొనేవాళ్ల సంగతి. పాత ఆటలాడే హ్యాండ్‌హెల్డ్ కొనాలనుకుంటే మొదట ప్లస్ బటన్ చూడండి: పక్కకు నొక్కినప్పుడు పైకి కూడా పడుతుందా, వేలు జారుతుందా. తర్వాత జాయ్‌స్టిక్ పుల్లలు. వాటి అడుగున కార్బన్ పట్టీ మీద రుద్దుకునే రకం అయితే అరుగుతుంది, ఎవరూ ముట్టకపోయినా బొమ్మ దానంతటదే నడుస్తుంది. 2017లో వచ్చిన నింటెండో స్విచ్ కంట్రోలర్లలో ఈ జబ్బు ఎంత పాకిందంటే, 2020లో కంపెనీ అధ్యక్షుడే కొనుగోలుదార్లకు క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. అయస్కాంతంతో పనిచేసే హాల్ సెన్సర్ రకం రుద్దుకోదు కాబట్టి అలా అరగదు. విచిత్రం ఏమిటంటే 1998లో వచ్చిన సెగా డ్రీమ్‌కాస్ట్ కంట్రోలర్‌లోనే ఈ పద్ధతి ఉంది. తెర పదును, ప్రాసెసర్ వేగం ఆ తర్వాతి మాటలు. ఈ వాదనకి యొకోయి సొంత సాక్ష్యమే ఉంది: 1989 నాటి ఆయన గేమ్ బాయ్ రంగుల్లేని తెరతో, నాలుగు పెన్సిల్ సెల్స్‌తో గంటల తరబడి నడిచింది. ఆరు సెల్స్ మింగి నాలుగైదు గంటల్లో చేతులెత్తేసే రంగుల సెగా గేమ్ గేర్ సుమారు కోటి అమ్ముడైతే, గేమ్ బాయ్, దాని రంగుల రూపం కలిసి 11.8 కోట్లు దాటాయి.

ఈ హ్యాండ్‌హెల్డ్‌ల మెమరీ కార్డుల్లోని వేల ఆటలకు ఎవరూ అనుమతి తీసుకోరన్నది నిజం, అది కాపీరైట్ ఉల్లంఘనే. చట్టబద్ధంగా కొందామంటే మాత్రం దొరకవు. అమెరికాలో విడుదలైన 2010కి ముందటి ఆటల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో కొనడానికి లేవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది. దొరికే ఆటలు కొనాలి, దొరకనివాటి విషయంలో దొంగ అనే ముందు ఆలోచించాలి. పిల్లలు పాడైపోతారన్న తల్లిదండ్రుల భయానికి ఒకటే చెప్పొచ్చు: ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లో నిషేధించింది డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని, క్యాసెట్ ఆటకి పర్సు లేదు, నోటిఫికేషన్ లేదు. కాలం మాత్రం తింటుంది, దానికి గడియారమే మందు.

ఆటల ఫైళ్లు ఏదో ఒక సర్వర్లో బతికే ఉంటాయి. పలకలే పాత సామాన్లవాడి బండిలో పోతున్నాయి. అటక మీద ఒకటి ఉంటే పారేసే ముందు వెనకాల స్క్రూలు విప్పి చూడొచ్చు. లోపల ఆకుపచ్చ బోర్డు, దాని మీద రబ్బరు చాప, చాప అడుగున ఒక్కో బటన్‌కి ఒక్కో నల్ల కార్బన్ చుక్క, అంతే. బటన్ పడటం లేదంటే చాలాసార్లు ఆ చుక్క కింద జిడ్డే కారణం. స్పిరిట్‌లో ముంచిన దూదితో బోర్డును తుడిస్తే పోతుంది. చుక్క అరిగి తెల్లబడితే రబ్బరు చాప మార్చాలి. తీగ తెగేది ఎక్కువగా పలకలోకి దూరే మొదటి అంగుళంలో. ఆ ముక్క కత్తిరించి, రంగులు చూసుకుని మళ్లీ టంకం పెట్టడం సెల్‌ఫోన్ రిపేరు వచ్చిన ఎవరికైనా పది నిమిషాల పని.